రికార్డు పుస్తకంలో ఉప్పు పంట

1930 ఏప్రిల్ 6న గాంధీ దండి తీరంలో చేసింది, రాజకీయం కాసేపు పక్కన పెడితే, ఒక రసాయనశాస్త్రం ప్రాక్టికల్. సముద్రపు నీళ్లు ఆవిరైపోయాక మట్టిలో మిగిలిన ఉప్పును ఎత్తి చూపించాడు. దండి అప్పట్లో సూరత్ జిల్లాలో ఉండేది. మే 21న అదే జిల్లాలోని ధరాసణ ఉప్పు కొఠార్ల మీదికి సరోజినీ నాయుడు నాయకత్వంలో సత్యాగ్రహులు నడిచారు. ఇనుప పొన్నులు తొడిగిన లాఠీలతో పోలీసులు తలలు పగలగొట్టారు. జనం తమ చేత్తో ఉప్పు చేసుకోకుండా ఆపడానికి ఆ సర్కారు ఎంత కష్టపడిందో! పాపం, వాళ్లకు రికార్డు పుస్తకం సంగతి తెలియదు.

తెలిసి ఉంటే లాఠీల ఖర్చు మిగిలేది. ఈ రోజు చాలా బళ్లలో లవణం తయారీ అంటే లక్ష్యం, పరికరాలు, విధానం, పరిశీలన, ఫలితం. ఐదు శీర్షికలు, పక్క పేజీలో పెన్సిలుతో గీసిన బీకరు. నిరుడు చదివిన అన్న రికార్డు ఉంటే సగం పని అయిపోయినట్టే. ‘తెల్లని అవక్షేపం ఏర్పడినది’ అని నలభై మందీ రాస్తారు, నలభై మందికీ ఏర్పడుతుంది. ఎవరి ద్రావణమూ ఒలకదు, ఎవరి వడపోత కాగితమూ చిరగదు. ప్రపంచంలో ఏ ప్రయోగశాలకూ దక్కని విజయం ఇది!

అడిగితే జవాబులు సిద్ధం. ఆమ్లం ప్రమాదమండీ. గాజు సామాను పగులుతుందండీ. స్మార్ట్ బోర్డు మీద వీడియో చూపించాం కదండీ. సీబీఎస్‌ఈ పదో తరగతిలో అంతర్గత మూల్యాంకనానికి 20 మార్కులుంటే, అందులో ప్రయోగాల లాంటి వాటికి దక్కేది 5. ఐదు మార్కుల కోసం ఎవరు చేతులు కాల్చుకుంటారు? ఈత కూడా వీడియోలోనే నేర్పేస్తే చెరువుల బెడదా ఉండదు.

వీడియోలో అంతా సజావుగా జరుగుతుంది. చిక్కంతా అక్కడే. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చేయాలంటే వెచ్చని సజల సల్ఫ్యూరికామ్లంలో నల్లటి కాపర్ ఆక్సైడును ఇంకా కరగనంత దాకా వేయాలి. అడుగున కొంత నల్లపొడి మిగిలితేనే ఆమ్లమంతా ఖర్చయిందని గుర్తు. మిగిలింది వడకట్టి, నీలి ద్రావణాన్ని కొంత మరిగించి, ఆపై దాని మానాన దాన్ని చల్లారనివ్వాలి. తొందరపడి పూర్తిగా ఇగరబెడితే నీలం కాస్తా తెల్లపొడి అవుతుంది. స్ఫటికజలం పోయింది మరి. ఆ తెల్లపొడి చూసి బిత్తరపోయిన పిల్లవాడికి స్ఫటికజలం జన్మలో మరిచిపోలేని పాఠం. రికార్డులో మాత్రం ఇప్పటిదాకా ఏ మైలుతుత్తమూ మాడలేదు.

ఇంకో ముచ్చట. చలువరాయి ముక్కను హైడ్రోక్లోరికామ్లంలో వేస్తే కరిగేదాకా బుసబుసమంటుంది. సల్ఫ్యూరికామ్లంలో వేస్తే కాసేపు పొంగి చప్పబడుతుంది. పుట్టిన కాల్షియం సల్ఫేట్ సరిగా కరగక రాయి మీద పొరలా కప్పేస్తుంది మరి. కరగని లవణాన్ని రెండు ద్రావణాలు కలిపి అవక్షేపంగా ఎందుకు రాబట్టాలో ఆ రాయి ఒక్క నిమిషంలో చెబుతుంది. మన పిల్లలు మాత్రం ‘నైట్రేట్లన్నీ కరుగును’ అని ఎక్కాల్లా వల్లిస్తారు, కరగడమంటే ఏమిటో చూడకుండానే.

అదీ ఎక్కడ? సూరత్‌లో. వరంగల్, కరీంనగర్, నల్లగొండల నుంచి సాంచెల (మరమగ్గాల) పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ చుట్టుపక్కల తరాలుగా ఉంటున్నాయి. నగరపాలిక బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. నాన్న పని రంగుల మిల్లులోనో, పక్కింటాయన పని జరీ కార్ఖానాలోనో. గద్వాల చీర అంచుకూ సూరత్ జరీ వెళ్తుంది. అసలు జరీలో వెండి ఉంటుంది. నైట్రికామ్లంలో అది కరిగి సిల్వర్ నైట్రేట్ అవుతుంది. అందులో నాలుగు చుక్కల ఉప్పునీళ్లు వేస్తే పెరుగు తరకల్లాంటి సిల్వర్ క్లోరైడ్ దిగుతుంది, ఎండ తగిలితే ఊదారంగుకు తిరుగుతుంది. ఉత్త రాగి తీగైతే నీలిరంగే తప్ప తరకలు రావు. కరిగే లవణం, కరగని లవణం, నకిలీ సరుకు, మూడు పాఠాలు ఒకే పరీక్షనాళికలో. ఈ ఊళ్లో పుట్టిన పిల్లవాడు ఆ సమీకరణాన్ని గైడు చూసి కంఠస్థం చేస్తున్నాడు!

బడి మానేసిన ప్రాక్టికల్‌ను ఊరు మానలేదు. 2022 జనవరి 6న, తెల్లవారుజామున, సూరత్‌లోని సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకర్ దొంగచాటుగా రసాయన వ్యర్థాన్ని నాలాలోకి వదిలింది. విషవాయువు లేచి ఆరుగురు కార్మికులు చనిపోయారు. సల్ఫైడు లవణానికి ఆమ్లం తగిలితే కుళ్లిన గుడ్ల కంపుతో వాయువు వస్తుందని, లెడ్ ఎసిటేట్ కాగితం నల్లబడుతుందని ఇంటర్ రికార్డులన్నిటిలోనూ ఉంటుంది. ఆ వాయువు మోతాదు మించితే ముక్కుకు వాసనే తెలియదన్న మాట ఏ పేజీలోనూ కనబడదు.

ప్రయోగం చేయించే బళ్లూ లేకపోలేదు. అక్కడ పసుపుపచ్చని లెడ్ అయోడైడ్‌ను చూసి పిల్లలు చప్పట్లు కొడతారు, గంట కొట్టగానే సీసం అంతా సింకులోకి పోతుంది. మిల్లుల కాలుష్యం మీద వ్యాసరచన పోటీ మరుసటి పీరియడులో.

ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు మార్కుల కాగితం పక్కన పెట్టి, మీ పిల్ల తన చేత్తో చేసిన ఒక్క నీలం స్ఫటికం చూపించమని అడగండి. లేదంటే రికార్డు పుస్తకం అట్టను వెలుతురుకు ఎత్తి చూడండి. వైట్‌నర్ కింద నిరుటి పిల్లవాడి పేరు కనిపిస్తుంది.