దళపత్ సాగర్ గట్టు కబుర్లు

జగదల్‌పూర్

బావగారూ,

‘బస్తర్ అంటే అడవి, తెల్లారేదాకా గుమ్మం దాటకు’ అని మీరు చెప్పిన జాగ్రత్త అందింది. ఇక్కడ తెల్లారకముందే సగం ఊరు దళపత్ సాగర్ గట్టు మీద ఉంటుంది. బస్తర్ రాజధానిని ఇక్కడికి మార్చిన దళపత్ దేవ్ మహారాజు 18వ శతాబ్దంలో తవ్వించిన చెరువు ఇది. మధ్యలో చిన్న లంక, దాని మీద శివుడి గుడి. నీళ్ళలో గుర్రపు డెక్క, గట్టు మీద మా పొట్టలు: ఎంత తీసినా తిరిగి పెరుగుతున్నవి ఈ రెండే. డెక్క తీయడానికి కార్పొరేషన్ వాళ్ళయినా ఉన్నారు.

ఒక పెద్దమనిషి రోజూ మామిడి చెట్టు కింద ప్రాణాయామం చేస్తారు. మొన్న కళ్ళు మూసుకుని గాలి పీలుస్తున్నవారు ఉన్నట్టుండి లేచి, చొక్కా విప్పేసి, ఏ గురువూ నేర్పని ఆసనాలన్నీ వరసగా వేశారు. పైన కొమ్మకి ఆకులు కలిపి గూడు కట్టిన ఎర్ర చీమల్లో కొన్ని ఆయన వీపు మీద దిగాయి. నలుగురూ పరిగెత్తుకొచ్చారు. ఓదార్చడానికేమో అనుకున్నాను. తలలెత్తి గూడు ఎంత పెద్దదో అంచనా వేస్తున్నారు! ఇక్కడ ఆ చీమల్నీ వాటి గుడ్లనీ మిరపకాయలు, ఉప్పు వేసి నూరి చాప్‌డా అనే పచ్చడి చేస్తారు. పుల్లగా, ఘాటుగా ఉంటుంది. మన గోంగూరకి వరసకి చెల్లెలనుకోండి. జ్వరానికి మంచిదని కూడా అంటారు. వీపు మంటకి మంచిదని మాత్రం ఎవరూ అనలేదు.

ఈ రాష్ట్ర పక్షి పహాడీ మైనా. మనిషి మాటని అచ్చంగా అనుకరిస్తుందట. దాన్ని చూడాలంటే కాంగేర్ లోయ అడవికి పోవాలి. గట్టు మీద ఆ లోటు రిటైరైన హెడ్మాస్టర్ గారొకరు తీరుస్తున్నారు. ముందు పోయేవాళ్ళు ఏ మాటంటే అదే మాట, కాస్త గొంతు పెంచి, తన సొంత అభిప్రాయంగా వెనక వచ్చేవాళ్ళకి అందిస్తారు. నడక ముగిసేసరికి ఆ మాట మొదట అన్నవాడి చెవికే తాజా వార్తగా చేరుతుంది. అతను కూడా ‘అవునా!’ అంటాడు.

ఆదివారం సంతకి పోయేవాళ్ళు ఈ దారినే పోతారు. సైకిలు మీద ఒకాయన, చంకలో పందెం కోడి. ఆయన తొక్కుతున్నాడు, అది ఊరు చూస్తోంది. ఆయాసపడుతున్న మాకేసి మెడ వంచి చూసిన చూపుంది చూశారూ, అచ్చం భీమవరం కోడి చూపే: వీళ్ళలో ఒక్కడూ బరిలో నిలవడని. ఇక్కడి సంతల్లో కోడిపందేలు మామూలే. మీలాగా సంక్రాంతి దాకా కాచుకుని కూర్చోనక్కర్లేదు. (ఈ ముక్క అక్కకి చదవకండి.)

నేను ఆంధ్రావాడినని తెలిశాక అందరూ అడిగేది ఒకటే: ఇడ్లీ పిండి ఎందుకు పొంగట్లేదని. పెళ్ళికాని మెస్సు భోజనం వాణ్ణి, నాకేం తెలుసు? పరువు కోసం ఒకరోజు చరిత్ర ఎత్తుకున్నాను. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి ఇటొచ్చి రాజ్యం పెట్టాడని ఇక్కడి రాజవంశం చెప్పుకుంటుంది. 1948లో విలీనమయ్యేదాకా ఏలింది వాళ్ళే. ‘ఈ చెరువు తవ్వించింది మావాళ్ళే!’ అని ఛాతీ విరిచాను. ‘అయితే గుర్రపు డెక్క కూడా మీరే తీయించండి’ అన్నారు హెడ్మాస్టర్ గారు. ఆ మాట మాత్రం ఆయన సొంతమే. అన్నమదేవుడు వలసొస్తే రాజ్యం దొరికింది. నాకు రెండు గదుల వాటా, అదీ మూడు నెలల అడ్వాన్సు మీద.

దసరాకి రండి. ఇక్కడ పండుగ 75 రోజులు, కాబట్టి ఆలస్యమైందని వంక చెప్పడం కుదరదు. రావణుణ్ణి కాల్చరు, సంబరమంతా దంతేశ్వరి అమ్మవారిదే, పెద్ద కర్ర రథం లాగుతారు. విశాఖలో కిరండూల్ బండి ఎక్కితే సరి. అక్కని ఆవకాయ జాడీ పెట్టమనండి. మూత గుడ్డతో గట్టిగా కట్టి, జాడీ ఒళ్ళోనే పెట్టుకోండి. దారిలో యాభై పైచిలుకు సొరంగాలున్నాయి. ఒక్కో చీకటికి ఒక్కో ముక్క పోయినా నా దాకా నూనె మిగులుతుంది.

మీ బావమరిది