గుర్రానికి కొమ్ము మొలిచిన కాలం

మొన్న మనవరాలి పుట్టినరోజుకి పుస్తకం కొనిద్దామని బజారుకి తీసుకెళ్లాను. గుర్రం బొమ్మ ఉన్నదొకటి తీసి ముచ్చటగా నా చేతిలో పెట్టింది. గులాబీ రంగు ఒళ్లు, ఏడు రంగుల జూలు, నుదుటి మీద ఒంటి కొమ్ము. బొమ్మ పొట్ట నొక్కితే కూత కూడా వస్తుంది. ఆ కూత సకిలింపులా లేదు, ప్రెషర్ కుక్కర్ మూడో విజిల్‌లా ఉంది.

"గుర్రానికి కొమ్మేమిటే?" అన్నాను.

"అది గుర్రం కాదు తాతయ్యా, యూనికార్న్. నీకేం తెలీదు!" అంది ఆ ఎనిమిదేళ్ల గడుగ్గాయి.

మా రోజుల్లో లోకంలో లేనిదాన్ని కుందేటి కొమ్ము అనేవాళ్లం. ఇప్పుడు కుందేలు వంతు అయిపోయి గుర్రం వంతు వచ్చిందన్నమాట. పదహారు అట్టపేజీలు, పేజీకి రెండు వాక్యాలు. ఆ గుర్రం గడ్డి తినదు, లద్దె వెయ్యదు, అలిసిపోదు. మబ్బుల మీద తిరిగి ఇంటికొచ్చి కేకు తింటుంది. డబ్బులిచ్చి బయటపడ్డాను. మనవరాలి ముందు ఎవరి మాట నెగ్గింది గనక నా మాట నెగ్గడానికి!

మాకు గుర్రం కోసం బొమ్మల పుస్తకం అక్కర్లేకపోయింది. తెనాలి స్టేషను బయట వరసగా నిలబడి ఉండేవి, జట్కాలకు కట్టి. బండిలో గడ్డి పరిచి పైన గోనెపట్టా వేసేవాళ్లు. కాళ్లు ముడుచుకుని కూర్చుంటే మోకాలు గడ్డానికి తగిలేది. గుర్రపు చెమట, ఉలవగుగ్గిళ్లు, తోలుపట్టాలు, అన్నీ కలిసిన వాసన ఒకటుండేది. జనం వెనక్కి కూర్చుంటే బండి కాడి పైకి లేచి గుర్రాన్ని ఎత్తినట్టయ్యేది. "ముందుకి జరగండి బాబూ, బరువు ఎనక్కి పోతంది" అని బండి తోలే సాహెబు అరిచేవాడు. త్రాసు ముల్లు చూసే కోమటికి కూడా అంత గురి ఉండదు. బరువు ఎక్కడుంటే గుర్రానికి నొప్పో అతనికి తెలుసు. మాకు మాత్రం అది మా చోటు కోసం జరిగే తగాదా.

1964లో, తొమ్మిదో తరగతిలో, ఇంగ్లీషు నాన్‌డిటెయిల్డుగా 'బ్లాక్ బ్యూటీ' వచ్చింది. కుదించిన ప్రతే. అది చాలక లైబ్రరీలో అసలుది తీసుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని నెలరోజులు కుస్తీ పట్టాను. గుర్రమే తన కథ తాను చెప్పుకుంటుంది. మొదటి పేజీలో 'ఇదేం చోద్యం' అనుకున్నవాణ్ణి, పది పేజీలయ్యేసరికి చెప్పేది గుర్రమన్న సంగతే మరిచిపోయాను.

అది రాసిన అన్నా సూయెల్ సంగతి మా మాస్టారు చెప్పారు. ఇంగ్లాండు మనిషి. పద్నాలుగో ఏట జారిపడి కాళ్లు దెబ్బతింటే, ఇక జీవితమంతా సరిగ్గా నడవలేకపోయింది. ఎక్కడికెళ్లాలన్నా గుర్రబ్బండే దిక్కు. గుర్రాలు ఆమెకి కాళ్లయ్యాయి, ఆమె వాటికి నోరయింది. మంచం పట్టిన ఆఖరి ఏళ్లలో, కొంత తల్లికి చెప్పి రాయించి, ఈ ఒక్క నవలే పూర్తి చేసింది. 1877 నవంబరులో అచ్చయింది. మరుసటి ఏప్రిల్లో ఆమె పోయింది. ఆ తర్వాత అది కోట్ల ప్రతులు అమ్ముడైంది.

ఆ రోజుల్లో అక్కడి షావుకార్ల బండి గుర్రాలకు ఒక ప్రత్యేకమైన పగ్గం కట్టేవాళ్లు. తల కిందికి దించనివ్వకుండా మెడ పైకి లాగి బిగించడం దాని పని. ఎందుకయ్యా అంటే షోకు. తలెత్తుకున్న గుర్రం దర్జాగా కనబడుతుందట. మెట్ట ఎక్కేటప్పుడు మెడ ముందుకి వంచితేగాని గుర్రానికి లాగే బలం రాదు. వంచబోతే నోట్లో కళ్లెం కోస్తుంది. సూయెల్ పోట్లాట ప్రధానంగా ఈ పగ్గం మీదే. 1890లో బోస్టన్‌లో జంతుకారుణ్య సంఘం నడిపిన జార్జి ఏంజెల్ అనే ఆయన ఈ పుస్తకాన్ని అచ్చేయించి బండ్లవాళ్లకీ సాలల్లో పనివాళ్లకీ ఊరికే పంచిపెట్టాడు. పుస్తకం చేరాల్సిన చేతికి చేరడమంటే అదీ!

అందులో జింజర్ అని ఒక ఆడగుర్రం ఉంది. కొడితే కరిచే రకం. చిన్నప్పట్నుంచీ మొరటు చేతుల్లో నలిగి అలా తయారైంది. చివరికి లండన్‌లో అద్దెబండికి చేరి, ఎముకలు తేలి, పాత నేస్తం ఎదురుపడితే చచ్చిపోతే బాగుండునంటుంది. కొన్నాళ్లకి బండి మీద ఒక గోధుమవన్నె గుర్రం శవం పోతుంటే, అది జింజరే అయితే బాగుండునని మన కథానాయకుడు కోరుకుంటాడు. కనీసం దాని బాధ తీరినట్టేనని. అక్కడ పుస్తకం మూసి పెరట్లోకి పోయి ఏడ్చాను.

మర్నాడు స్టేషను దగ్గర ఎప్పుడూ ఎక్కే జట్కా ముందుకెళ్లి మొదటిసారి గుర్రం మొహం చూశాను. అంతవరకూ నాకు తెలిసిన గుర్రమంటే వెనక భాగం, తోక. నోటి రెండు మూలలా కళ్లెం ఒరుసుకుని చర్మం లేచిపోయింది. నురగలో ఎర్రటి చార. "ఏం సాయిబూ, పుండు పడిందే?" అంటే, "ఏం జేయమంటారు బాబూ, దానికీ నాకూ ఒకటే కడుపు. ఒక్క పూట నిలబెడితే ఇద్దరం పస్తు" అన్నాడు. నేనేం చేశాను? కళ్లు తుడుచుకుని, ఆరోవాడిగా ఎక్కి కూర్చున్నాను. మా రోజులు బంగారమని ఎవరైనా అంటే ఈ ముక్క కూడా చెప్పమనండి.

తర్వాత్తర్వాత సోవియట్ పుస్తకాల వ్యాన్లు ఊళ్లకి వచ్చేవి. చవగ్గా రష్యన్ సాహిత్యం దొరికేది. చేహోవ్ 1886లో రాసిన కథ ఒకటుంది. అయోనా అనే మంచుబండి తోలే ముసలాడి కొడుకు చచ్చిపోతాడు. ఎక్కినవాడికల్లా చెప్పుకోబోతే ఒక్కడూ వినడు. రాత్రి సాలలోకి పోయి, మేత నములుతున్న తన గుర్రానికి చెప్పుకుంటాడు. అదే ఏడు అచ్చయిన టాల్‌స్టాయ్ 'ఖోల్స్తొమేర్'లో మచ్చల గుర్రం ఒకటి మనుషులు 'నాది, నాది' అంటారేమిటో అర్థంకాక తికమకపడుతుంది. ఈ రెండూ చదివాక మా సాహెబు మాట నాకు సరిగ్గా వినపడింది. గుర్రం పుస్తకమంటే గుర్రం ఒక్కదాని కథ కాదు, పగ్గం రెండు కొసలా ఉన్నవాళ్ల కథ.

మనకేం తక్కువైంది? భారతం ద్రోణపర్వంలో, సైంధవుణ్ణి చంపాల్సిన రోజున, పొద్దు వాలిపోతుంటే, కృష్ణుడు నడియుద్ధంలో రథం ఆపి గుర్రాలను విప్పుతాడు. ఒళ్లంతా గుచ్చుకున్న బాణాలు పీకి, మాలీషు చేసి, నీళ్లు తాగిస్తాడు. దేవుడికే తీరింది! విరాటుడి కొలువులో నకులుడు దామగ్రంథిగా గుర్రాల చాకిరీ చేశాడు. మనుమంచి భట్టు హయలక్షణ శాస్త్రాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. చందమామ తెరిస్తే పంచకళ్యాణి గుర్రాలు. ఇప్పటి పిల్లలకి పంచకళ్యాణి అంటే నాలుగు కాళ్లూ మొహమూ తెల్లగా ఉండే గుర్రమని ఎవరు చెప్పారు?

ఇదంతా ఏకరువు పెట్టి, మనవరాలికి బ్లాక్ బ్యూటీ చదివి వినిపిస్తానంటే మా కోడలు, "వద్దు మామయ్యగారూ, జింజర్ చావు వింటే రాత్రి నిద్రపోదు" అంది. ఇప్పుడు దొరికే కొన్ని పిల్లల ప్రతుల్లో ఆ చావు ఉండదట కూడా. పుండు దాచేసి గుర్రాన్ని అమ్మడం పాత సంత మోసం. ఇప్పుడది పుస్తకాల్లోకీ వచ్చింది. అయినా న్యాయం న్యాయమే. మైకేల్ మోర్పుర్గో 1982లో రాసిన 'వార్ హార్స్' కొత్తకాలపుదే. మొదటి ప్రపంచయుద్ధంలోకి పోయిన గుర్రమే కథ చెబుతుంది, పీనుగుల్నీ ముళ్లతీగనీ దాచిపెట్టదు. అంటే తప్పు కాలానిది కాదు, మన పిరికితనానిది.

పోయిన వారం మా వీధిలో పెళ్లి ఊరేగింపు. డీజే మోతకి కిటికీ అద్దాలు అదురుతున్నాయి. పెళ్లికొడుకు కింద తెల్లగుర్రం, నెత్తిన రంగు ఈకల కుచ్చు. "యూనికార్న్!" అని మనవరాలు గంతేసింది. ఎత్తుకుని దగ్గరికి తీసుకెళ్లి, "కుచ్చు కాదమ్మా, నోరు చూడు" అన్నాను. చూసింది. కాసేపు మాట్లాడలేదు. "తాతయ్యా, దానికి నొప్పి పుడుతోందా?" అంది. ఆ రాత్రి కొమ్ముగుర్రం పుస్తకం అలమారలోకి పోయింది, బ్లాక్ బ్యూటీ మంచం మీదికి వచ్చింది. జింజర్ దగ్గరికి ఇంకా రాలేదు. వచ్చినప్పుడు దాటవెయ్యను.

జంతువు నోటికి ముళ్ల కళ్లెం వెయ్యకూడదని మన దేశంలో 1965 నుంచే నిబంధన ఉంది. మీ ఇంట్లో పెళ్లికి గుర్రం వస్తే, పెళ్లికొడుకుని ఎక్కించే ముందు ఒకసారి దాని నోరు చూడండి.