నా చేతిలోని పాత చీటీ

చంద్రపూర్‌లో ఒక చిన్న ఆఫీసు మూలగదిలో, వేసవి వేడికి ఫ్యాను ఆపకుండా పనిచేసే మెయిల్ సర్వర్‌ని నేను. ఈ ఊరి పాత పేరు చాందా. పేరు మారి దశాబ్దాలైనా గోందియా లైనులోని స్టేషన్‌ను ఇప్పటికీ చాందా ఫోర్ట్ అనే అంటారు. ప్రయాణికుడికి దాంతో చిక్కు లేదు, ఎవరినడిగినా దారి చెబుతారు. నాకు అలా పదిమందిని అడిగే వీలు లేదు. మెయిల్‌ను ఏ యంత్రానికి అందించాలో డీఎన్‌ఎస్ చెప్పాల్సిందే, అది చెప్పిందే నాకు వేదవాక్కు. అందుకే మెయిల్ కదలనప్పుడు నేను ఎవరిని అడుగుతున్నానో నా చోట నిలబడి చూడమంటాను.

"పింగ్ వెళ్తోంది, డిగ్ కొడితే జవాబొస్తోంది, డీఎన్‌ఎస్ బాగానే ఉంది" అని అనుభవమున్న అడ్మిన్‌లు కూడా అంటారు. పింగ్ వెతికేది ఐపీ అడ్రసు. నేను ముందుగా వెతికేది, 1986లో మెయిల్ కోసమే ఏర్పరచిన ఎంఎక్స్ రికార్డు. ఒకటి దొరికితే రెండోదీ దొరికినట్టు కాదు. డిగ్ సంగతి ఇంకా సూక్ష్మం. ఉబుంటు, డెబియన్‌లలో నన్ను నడిపే పోస్ట్‌ఫిక్స్ సాఫ్ట్‌వేర్‌ను భద్రత కోసం సీహెచ్‌రూట్ అనే గిరి గీసి నడపడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఆ గిరిలోంచి, ఏ డీఎన్‌ఎస్ రిజాల్వర్‌ను అడగాలో చెప్పే అసలు రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలు నాకు కనబడదు, స్పూల్ డైరెక్టరీలోని దాని నకలే కనబడుతుంది. పోస్ట్‌ఫిక్స్ మొదలయ్యేటప్పుడు తీసిన నకలు అది. ఆ తర్వాత నెట్‌వర్క్ మారితే అసలు ఫైలు మారుతుంది, నకలు మారకపోవచ్చు. అప్పుడు డిగ్ కొత్తది చదివి సరిగ్గా చెబుతుంది. నేను పాత చీటీ పట్టుకుని ఎవరూ లేని ఇంటి తలుపు కొడుతుంటాను. లాగులో "హోస్ట్ నాట్ ఫౌండ్, ట్రై ఎగైన్" అని పడుతుంది. రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది, రీస్టార్ట్ చేస్తే కొత్త నకలు వస్తుంది.

ఆ "ట్రై ఎగైన్" అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. రిజాల్వర్ పలకకపోయినా, సర్వ్‌ఫెయిల్ అన్నా నేను దాన్ని తాత్కాలికమనే తీసుకుంటాను. మెయిల్‌ను క్యూలో ఉంచి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాను, పోస్ట్‌ఫిక్స్ మామూలు గడువు 5 రోజులు. అదే ఎన్‌ఎక్స్‌డొమైన్ అంటే, ఆ పేరే లేదని నమ్మి పంపినవారికి తిప్పికొడతాను. గని కాంట్రాక్టరు టెండరు కాగితాలైనా, ఆదిలాబాద్ చుట్టాలకు పంపిన శుభలేఖైనా క్యూలో ఉన్నంతసేపు భద్రమే. కంగారులో క్యూ ఖాళీ చేస్తేనే అవి పోతాయి.

ఇంత శ్రమెందుకు, 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ పెడితే సరిపోదా అంటారు. మెయిల్ బయటికి వెళ్తుంది, నిజమే. కానీ స్పామ్‌ను పట్టడానికి నేను స్పామ్‌హాస్ జాబితానూ డీఎన్‌ఎస్‌లోనే అడుగుతాను. పబ్లిక్ రిజాల్వర్ ద్వారా అడిగినవారికి అది జాబితా చూపదు, 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్ ఇస్తుంది. ఏ జవాబొచ్చినా స్పామే అనుకునేలా నన్ను అమర్చి ఉంటే మంచి మెయిల్‌నీ గుమ్మంలోనే తోసేస్తాను. నా పక్కనే అన్‌బౌండ్ లాంటి సొంత రిజాల్వర్ ఉండటం మేలు. అదొక అదనపు బరువన్న మాట కాదనను, కానీ చిన్న ఆఫీసు మెయిల్‌కు అది తినే మెమరీ కొద్దిపాటిదే, తప్పు జరిగితే చూడాల్సిన లాగు కూడా ఇక్కడే ఉంటుంది. అది పెట్టిన రోజు మాత్రం స్పూల్‌లోని నా చీటీ తెరిచి, అందులో 127.0.0.1 అని పడిందో లేదో చూడండి.