ఒక పైల్ కథ

ఈ కథ వంతెన కింది పైల్‌ది. నేలలో బోరు వేసి, ఇనుప బోను దించి, కాంక్రీటు పోస్తే పైల్ పుడుతుంది. కోసిగి ఊరి రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఆ పైమట్టిని నమ్ముకోకుండా పైల్ కింది రాతిలో కాలూనుతుంది. నిలువు బరువును ఆ రాయి చూసుకుంటుంది.

పక్కతోపు సంగతి వేరు. లారీ బ్రేకు వేసినా, ఎండకు గర్డర్లు సాగినా, భూమి కంపించినా ఆ తోపు పైల్ తలకే చేరుతుంది. దాన్ని ముఖ్యంగా ఆపేది పైనున్న కొన్ని మీటర్ల మట్టి. నెర్రెలు విచ్చేదీ అక్కడే.

పక్కతోపును తట్టుకునే ఈ బలాన్ని తూచడానికి రెండు పైల్స్ మధ్య జాకీ పెట్టి తోస్తారు. తలకు ఆనించిన డయల్ గేజ్ ముల్లు చూస్తారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 ప్రకారం తల 5 మి.మీ. జరిగినప్పటి తోపు ఒకటి, 12 మి.మీ. జరిగినప్పటి తోపులో సగం మరొకటి. వీటిలో తక్కువదే భద్రం.

కోసిగి మీదుగా పోయే బొంబాయి–మద్రాసు రైలు మార్గం 1871లో పూర్తయింది. అలాంటి పట్టాలను రోడ్డు పైనుంచి దాటాలంటే ఎత్తైన అప్రోచ్ కావాలి. అక్కడ పైల్ పైభాగాన్ని చుట్టుకునేది పోసిన మట్టి. ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ విడాల్ 1960లలో రూపమిచ్చిన పద్ధతిలో ఆ మట్టిని పొరలుగా పోసి, పొరపొరకూ ఇనుప పట్టీలు పరిచి, ముందు గోడలా కాంక్రీటు పలకలు నిలుపుతారు. ఇప్పుడు పట్టీల బదులు జియోగ్రిడ్ వలలూ వాడతారు. మట్టికీ పట్టీకీ మధ్య రాపిడే గోడను నిలబెడుతుంది.

పైల్ పలకల వైపు ఒరిగితే ముందున్న మట్టి చీలికలా జరుగుతుంది. అది పలకలను చేరితే పలకలు ఉబ్బుతాయి, పట్టీల్లో లాగుడు పెరుగుతుంది, పైల్‌కు ఊత తగ్గుతుంది. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వారు అసలు గోడల వెనుక పైల్స్‌ను తోసి చూశారు. పలకల నుంచి పైల్ వ్యాసానికి దాదాపు 4 రెట్ల దూరముంటే ఊత తగ్గలేదు. దగ్గరైన కొద్దీ తగ్గింది.

పట్టీకి పైల్ అడ్డొస్తే పట్టీని కోయకూడదు, పక్కకు వాల్చి పరచాలి. పైల్‌కూ పలకకూ మధ్య సందులో పెద్ద రోలరు పట్టదు. చేతి కంపాక్టర్‌తో పలచని పొరలుగా దిమ్మిస వేయాలి. కుంగే మట్టి పైల్‌ను కిందికి ఈడ్వకుండా కొన్నిచోట్ల గొట్టం తొడుగుతారు. తొడుగున్న మేర మట్టి ఊతను లెక్కలో వేసుకోకూడదు. చుట్టూ ఎంత రేగడి ఉన్నా అది ఈ గోడకు పనికిరాదు. నీరు నిలవని ఇసుక, కంకర కలిసిన మట్టినే తెచ్చి పోయాలి.