తల తెగుతోంది బాబాయ్! (టీకా తాత్పర్య సహితం)

మూలం: “బాబాయ్, తల తెగుతోంది. రెండడుగులు ఎనక్కి జరుగు!”

అవతారిక: చింతలపూడిలో మామిడి కోతలు అయిపోయి, కమీషను లెక్కలు తేలాక, ఒక కుటుంబం విశాఖ రామకృష్ణా బీచికి చేరింది. ఊళ్ళో తోటలకు కొదవ లేదు గాని సముద్రం లేదు. బీచ్ రోడ్డు వెంట శ్రీశ్రీ, గురజాడ వంటి వారి విగ్రహాలు కనబడగానే ఫోను బాబాయి చేతికి వచ్చింది. తక్కిన వారంతా ఒక మహాకవి విగ్రహం దిమ్మ ముందు బారు తీరారు. పక్కనే నిలబడి తెర చూస్తున్న అన్న కొడుకు పలికినదే ఈ వాక్యం.

ప్రతిపదార్థం: బాబాయ్ = ఓ ఛాయాగ్రాహకుడా; తల = మహాకవి శిరస్సు (పిన్ని తల అని కొందరంటారు; అది తెర నడుమ నిక్షేపంగా ఉంది కనుక ఆ అర్థం చెల్లదు); తెగుతోంది = తెర పైఅంచు దాటిపోతోంది; రెండడుగులు = పరిమిత దూరము; ఎనక్కి = రోడ్డు వైపునకు; జరుగు = ఆటోలు చూసుకుని మరీ జరుగుము.

తాత్పర్యం: ఫోన్ కెమెరా కటకం వెడల్పుగా చూస్తుంది. దగ్గర నిలబడి కింది నుంచి తీస్తే దిమ్మ ఊరిపోతుంది, తల చిక్కిపోతుంది. వెనక్కి జరిగితే రెండింటి పొత్తూ కుదురుతుంది. కుర్రవాడికి ఇదంతా తెలుసునా అంటే తెలియదు. ఆర్షవాక్యాలు అలాగే పుడతాయి.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో “మూడడుగులు” అని ఉంది. అది గ్రాహ్యం కాదు. మూడో అడుగు ఏ స్కూటరువాడి నెత్తిన పెట్టాలన్న సమస్య వస్తుంది.

పూర్వపక్షం: నిర్జనవాదులు ఇలా అంటారు: “శిల్పం ముందు మనిషి ఎందుకు? అడ్డు.” వీరి పుణ్యక్షేత్రం సిడ్నీ. డేవిడ్ హ్యాండ్లీ 1997లో మొదలుపెట్టిన ‘స్కల్ప్చర్ బై ది సీ’లో బాండై నుంచి తమరామా దాకా సుమారు 2 కిలోమీటర్ల కొండచరియ బాటలో 100కు పైగా శిల్పాలు నిలబెడతారు. టికెట్ లేదు కనుక జనం విరగబడతారు. అందుకే ఈ వాదులు చీకటితోనే స్టాండు భుజాన వేసుకుని బయల్దేరతారు. బాండైలోనూ విశాఖలోనూ సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. కాబట్టి కడలి వైపు గురిపెట్టిన కెమెరాకు శిల్పం నల్లటి నీడై కనిపిస్తుంది. దానిని వారు కళ అంటారు. ముఖం కావలసిన వారు తెర మీద ముఖాన్ని వేలితో తాకి వెలుగు పెంచుకుంటారు, లేదా సాయంత్రం దాకా పల్లీలు తింటూ కూర్చుంటారు.

సిద్ధాంతం: కుటుంబవాదులది పైచేయి. కైలాసగిరి మీది శివపార్వతుల ఎత్తు 40 అడుగులు. చుట్టూ ఆకాశం మాత్రమే పెట్టి తీస్తే అవి షోకేసులో బొమ్మలో, కొండంత విగ్రహాలో పోల్చుకోలేం. కింద పిన్ని నిలబడగానే కొలత దొరుకుతుంది. పైగా బాండై శిల్పాలను జనం నడిచే దారిలోనే పెట్టారు. ఆ జనాన్ని తుడిచేస్తే ప్రదర్శనలో సగం పోయినట్టే.

విశేషం: 1957 నాటి భారత కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీసినా ప్రచురించినా ఉల్లంఘన కాదు. ఆస్ట్రేలియా చట్టంలోనూ ఇలాంటి వెసులుబాటే ఉంది గాని, తాత్కాలికంగా పెట్టిన వాటికి వర్తించదు. కొద్ది వారాలకే లారీ ఎక్కే బాండై శిల్పం ఫొటోను అచ్చువేసి అమ్మదలచిన వాడు శిల్పిని అడగాలి. బీచ్ రోడ్డు మహాకవి మాత్రం ఎక్కడికీ కదలడు. ఆ ఫొటోను బాబాయి వచ్చే ఏడు తన మామిడికాయల కొట్టు కేలండరు మీద నిర్భయంగా వేయించుకోవచ్చు, పిన్ని ఒప్పుకుంటే.