ఆట లేని ఆటవెలది: టీకా తాత్పర్యాలు

ఓడ బొమ్మ చూపి యొప్పించి సొమ్మందె
నేడు రేపటంచు నేళ్ళు గడిపె
ఓడ యెక్కడయ్య? యోర్చుకో నాయనా,
కొత్త యోడ బొమ్మ కొనుము మొదట!

ఛందస్సు: ఆటవెలది. ఆట, వెల రెండూ పేరులోనే ఉన్నాయి కనుక మరో ఛందస్సు వెతకలేదు. పద్యమూ నాదే, టీకా కూడా నాదే.

సందర్భం: 1990లో ‘వింగ్ కమాండర్’ ఆటతో పేరు తెచ్చుకున్న క్రిస్ రాబర్ట్స్, 2012 అక్టోబరులో ‘స్టార్ సిటిజన్’ అనే అంతరిక్ష ఆటకు జనం దగ్గర చందాలు అడిగాడు. కిక్‌స్టార్టర్‌లోనే 34 వేల మందికి పైగా 21 లక్షల డాలర్లు సమర్పించారు. ఆట అందజేతకు చెప్పిన గడువు 2014 నవంబరు.

ప్రతిపదార్థం:

ఓడ బొమ్మ = ఓడ యొక్క బొమ్మ; షష్ఠీ తత్పురుషం. ద్వంద్వ సమాసమనుకొని ఓడా బొమ్మా రెండూ చేతికొస్తాయని ఆశపడినవారు వ్యాకరణం తప్పారు. ఆటలో ఇంకా కట్టని అంతరిక్ష ఓడను ‘కాన్సెప్ట్ షిప్’ అంటారు. బొమ్మ గీసి, వందల డాలర్లకు అమ్మి, అది తయారయ్యేదాకా తిరగడానికి వేరే ఓడ అరువిస్తారు. కట్టని ఓడకు జీవితకాల బీమా కూడా ఉంది! మన సామెతలోని సోమలింగానికి పుట్టకముందే పేరు పెట్టారు గానీ, పాపం, ఎల్ఐసీ పాలసీ ఎవరూ కట్టలేదు. 2013 ఆగస్టులో ఓడ చుట్టూ తిరిగి చూసుకునే షెడ్డు ఒకటి ఇచ్చారు. చూసుకోవడానికే, ఎగరడానికి కాదు.

సొమ్ము = డాలర్లు. 2018లో దాదాపు ఓడలన్నీ కలిపి కట్టిన ‘లెగాటస్’ మూట ధర 27 వేల డాలర్లు. అప్పటికే వెయ్యి డాలర్లు సమర్పించుకున్నవారికి మాత్రమే ఆ మూట కంటబడేది. ప్రత్యేక దర్శనం టిక్కెట్టు వంటి ఏర్పాటు. 2022లో మొత్తం వసూళ్లు 50 కోట్ల డాలర్లు దాటాయి.

అందె = పుచ్చుకొనెను. ‘అందించె’ అని ఎవరైనా దిద్దితే అది లేఖక ప్రమాదం.

నేడు రేపటంచు = ఇక్కడ పాఠాంతరాలు మెండు. మార్క్ హామిల్, గ్యారీ ఓల్డ్‌మన్ వంటి నటులను పెట్టి తీసిన ‘స్క్వాడ్రన్ 42’ అనే కథాభాగానికి ఒక ప్రతిలో 2016 అని ఉంది. ఇంకొక ప్రతిలో 2020లో బీటా అని. 2024 అక్టోబరులో వెలువడ్డ ప్రతిలో 2026. ప్రాచీన పాఠం 2014 అనే నా పట్టుదల.

పూర్వపక్షం: ‘ఆట లేదనడం అపచారం, ఆల్ఫా అనే పరీక్షా రూపం నడుస్తోంది కదా!’ నిజమే, ఒప్పుకుంటాను. అందులో ఎగురుతున్నారు, తవ్వుతున్నారు, పోట్లాడుకుంటున్నారు. కానీ ఆల్ఫా అంటే గ్రీకువారి అకారం. ఓనమాల దగ్గరున్న పిల్లవాడికి పట్టా ఇవ్వలేం. చందాలు 60 లక్షల డాలర్లకు చేరితే వంద నక్షత్ర మండలాలు ఇస్తామన్నారు. చేరాయి. రెండో మండలం 2024 డిసెంబరులో తెరుచుకుంది.

‘చందా దానం వంటిది, తిరిగి అడగకూడదు’ అనేది మరో వాదం. దానమైతే ధరల పట్టిక ఎందుకు? కొనుగోలైతే సరుకేది? పెట్టుబడైతే వాటా ఏది? అడిగిన ప్రతిసారీ ఈ మూడింటిలో అప్పటికి ఏది అనుకూలమో అదే జవాబుగా వస్తుంది. బొమ్మలు అమ్ముడుపోతున్నంతకాలం ఆట పూర్తిచేసే తొందర ఎవరికుంటుంది? కట్టని ఓడ కట్టలేదని ప్రకటనలో స్పష్టంగా రాయమని 2021లో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ చెప్పవలసి వచ్చింది.

తాత్పర్యం: పద్యమే సులభంగా ఉంది, మళ్లీ చెప్పను.

విశేషం: నాలుగో పాదంలో ‘కొనుము’ అనేది విధ్యర్థకం. ఈ మాట అంటున్నదెవరు? అమ్మేవాడే అనుకుంటారు చాలామంది. నా మతం వేరు. మూడో పాదంలో ‘ఓడ యెక్కడయ్య’ అని అడిగింది కొత్తవాడు. ‘ఓర్చుకో నాయనా’ అని బుజ్జగిస్తున్నది పదేళ్లుగా ఎదురుచూస్తున్న పాత చందాదారుడు. కొత్తవారిని చేర్పించిన పాతవారికి ఆట తయారుచేసే సంస్థ బహుమానాలు ఇస్తుంది.