నవంబరు పెద్దమనిషి

ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్‌లో ఏ ఆఫీసుకి వెళ్లినా ఈ పెద్దమనిషి ఒకడైనా కనిపిస్తాడు. ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా ఆయనంత నెమ్మదస్తుడు ఇంకొకడు ఉండడు. యాభై దాటిన వయసు, కొద్దిగా బొజ్జ, తలుపు తీసి పట్టుకుని వెనకాల వచ్చే పదిమందినీ ముందు పంపే మర్యాద. ప్రింటర్లో కాగితాలు అయిపోతే పెట్టేది ఆయనే. పక్కింటివాళ్లు ఊరెళితే వాళ్ల కుక్కని చూసుకునేదీ ఆయనే. సెప్టెంబరులో గొంతు కొంచెం లేస్తుంది. అక్టోబరు వచ్చేసరికి సోమవారం పొద్దున ఆయన మొహం చూసి శనివారం ఫుట్‌బాల్ ఆట ఏమైందో చెప్పేయొచ్చు. నవంబరు మొదలైందా, ఇక ఆ మనిషి వేరు, ఆ లోకం వేరు.

ఆ నెలంతా ఒంటిమీద ఎరుపు తప్ప ఇంకో రంగు ఉండదు. నీలం శత్రువుల రంగు కాబట్టి నీలం సిరా పెన్ను కూడా సొరుగులోకి వెళ్లిపోతుంది. మెడలో బక్ఐ గింజల దండ. బక్ఐ అక్కడి చెట్టు. దాని గింజ నున్నగా, గోధుమరంగులో ముద్దుగా ఉంటుంది, తింటే మాత్రం విషం. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్టుకి ఆ గింజ పేరే పెట్టుకున్నారు. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన మన కుర్రాడొకడు కార్తీకమాసంలో ఆ దండ చూసి, రుద్రాక్షలనుకుని, వంగి నమస్కారం పెట్టాడు. ఆయనకి అందులో వింతేమీ కనబడలేదు. ఆశీర్వదించినట్టే తలూపాడు.

ఆట నియమాలు ఇక్కడ వివరించబోవడం లేదు. ఆయన్ని అర్థం చేసుకోవడానికి అవి అక్కర్లేదు. కావలసింది లెక్క. కాలేజీ ఫుట్‌బాల్ పైశ్రేణిలో నూట ముప్ఫై పైచిలుకు జట్లున్నాయి. ఒక్కో జట్టు మామూలు సీజన్‌లో ఆడేది పన్నెండు ఆటలే. వారానికి ఒకటి మించి ఆడితే ఎముకలు మిగలవు. అంటే ఒకరినొకరు ఎన్నడూ ఎదుర్కోని జట్లని పక్కపక్కన నిలబెట్టి, ఎవరు గొప్పో నోటితోనే తేల్చాలి. ఆ పని కోసం పదమూడుమందితో ఒక కమిటీ ఉంది. సీజన్ చివరి వారాల్లో వాళ్లు టెక్సస్‌లోని గ్రేప్‌వైన్ అనే ఊళ్లో ఒక హోటల్లో కూర్చుని పాతిక జట్లకి వరస నంబర్లు ఇస్తారు. మంగళవారం సాయంత్రం అది టీవీలో వస్తుంది. 2014 నుంచి 2023 దాకా, ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌లో నాలుగు జట్లకే చోటు. 2024 నుంచి పన్నెండింటికి.

చోట్లు మూడింతలయ్యాయి కదా, ఆయన ఆందోళన మూడోవంతుకి తగ్గి ఉంటుందని మనం అనుకుంటాం. నాలుగు చోట్లున్నప్పుడు ఆయన ఐదో జట్టు గురించే బెంగపడేవాడు. ఇప్పుడు ఎనిమిదో స్థానం, తొమ్మిదో స్థానం, పదమూడో స్థానం, ఎవరి ఊళ్లో ఎవరు ఆడతారు, ఎవరికి మొదటి రౌండు సెలవు, ఇన్ని బెంగలు.

కమిటీ సభ్యులెవరూ ఆయనకి తెలియదు. ఆయన ఒకడున్నాడని వాళ్లకీ తెలియదు. అయినా మంగళవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్ల ఎదుట నిలబడ్డట్టే వాదిస్తాడు. సొంత యూనివర్సిటీ చర్చకి వచ్చినప్పుడు ఆ సభ్యుడు గదిలోంచి బయటికి వెళ్లాలని నిబంధన. మంచి నిబంధనే. ఆయన అనుమానమల్లా, బయటికి వెళ్లినవాడు తలుపు పూర్తిగా వేస్తాడా అని.

కమిటీ మీద ఆయన అభిప్రాయం ఏడాదిని బట్టి ఉంటుంది. 2014లో ఒహాయో స్టేట్ సొంత మైదానంలో వర్జీనియా టెక్ చేతిలో ఓడి, చివరి వారానికి ఐదో స్థానంలో వేలాడింది. ఆఖరి ఆటలో విస్కాన్సిన్‌ని 59–0తో చిత్తుచేసింది. అదే రోజు, మూడో స్థానంలో ఉన్న టీసీయూ కూడా 55–3తో గెలిచింది, గెలిచి ఆరో స్థానానికి పడిపోయింది. ఒహాయో స్టేట్ నాలుగులోకి ఎక్కి, ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ స్థానంలో మూడో నంబరువాడితో ఆడి దేశం మొత్తానికి ఛాంపియన్ అయింది. ఆ ఏడాది కమిటీ ధర్మదేవత. 2023లో ఫ్లోరిడా స్టేట్ పదమూడు ఆటలూ గెలిచినా, క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడని చెప్పి చోటు ఇవ్వలేదు. ఆ ఏడాది కమిటీ దొంగలముఠా. మధ్యలో తన జట్టుకి లాభమైందా నష్టమైందా అన్నదానితో ఈ తీర్పులకి సంబంధం లేదని ఆయన మనకి పదేపదే చెబుతాడు. మనం అడగకపోయినా.

ఆయన శాస్త్రంలో అన్నిటికంటే సూక్ష్మమైన విభాగం 'మంచి ఓటమి'. 2024 అక్టోబరులో ఒహాయో స్టేట్ ఒరెగన్ చేతిలో 32–31తో ఓడింది. ఒక్క పాయింటు తేడా, అదీ వాళ్ల ఊళ్లో, అదీ గట్టి జట్టు మీద. అది మంచి ఓటమి. కొన్ని చెత్త గెలుపుల కన్నా విలువైనదని గంటన్నర చెప్పాడు. మరి పెన్ స్టేట్ మన చేతిలో ఏడు పాయింట్లతోనే ఓడింది కదా, వాళ్లదీ మంచి ఓటమేనా అని అడిగాను. "వాళ్లది ఓటమి" అన్నాడు. శంఖంలో పోస్తేనే తీర్థం.

ఈ లెక్కల వల్ల ఆయన ఎదుర్కొనే ధర్మసంకటం చిన్నది కాదు. తన చేతిలో ఓడినవాళ్లు మిగతా ఆటలన్నీ గెలవాలి, అప్పుడే తన గెలుపుకి బరువు. తనని ఓడించినవాళ్లు కూడా గెలవాలి, అప్పుడే తన ఓటమికి మర్యాద. తనకి పోటీగా ఉన్నవాళ్లు ఓడాలి, కానీ వాళ్లు మరీ ఓడితే తన జట్టు ఉన్న కూటమి, అంటే కాన్ఫరెన్స్, పరువు పోతుంది. అందుకని శనివారం పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాకా, పుట్టిన దగ్గర్నుంచి అసహ్యించుకుంటున్న జట్ల కోసం ప్రార్థిస్తూ కూర్చుంటాడు. ఏ జట్టు గెలవాలో, ఎన్ని పాయింట్లతో గెలవాలో పొద్దున్నే ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తాడు. వాళ్లావిడ పాల డబ్బా తీసుకునేటప్పుడు దాన్ని చదువుతుంది కానీ ఏమీ అనదు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆవిడ నేర్చుకున్న జాగ్రత్త అది.

ఇక మిషిగన్ సంగతి.

ఆ పేరు ఆయన పలకడు. మన అమ్మమ్మలు తాతయ్య పేరు పలకనట్టే, చుట్టూ తిప్పి "ఉత్తరాన ఉన్న ఆ జట్టు" అంటాడు. ఏటా నవంబరు ఆఖరి శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆ జట్టుతో ఆట. మొదటిసారి ఆడింది 1897లో. 1918 నుంచి ఏటా ఆడుతూనే ఉన్నారు, కోవిడ్ వల్ల ఆగిన 2020 ఒక్కటీ తప్ప. ఆ వారమంతా యూనివర్సిటీ ఆవరణలో బోర్డుల మీద ఉన్న ఎమ్ అక్షరాల్ని ఎర్ర టేపుతో కొట్టేస్తారు. పెద్దమనిషి ఆ టేపు చుట్ట ఒకటి ఆఫీసుకీ తెచ్చాడు. ఎమ్ పోయాక మీటింగ్ రూమ్ ఈటింగ్ రూమ్ అయింది. అక్కడ జరిగేదీ అదే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

పగ ఎక్కడ మొదలైందని అడిగితే ఫుట్‌బాల్ పుట్టకముందు నుంచి మొదలుపెడతాడు. 1835లో టోలిడో ఊరు ఎవరిదని రెండు ప్రాంతాలూ సాయుధ దళాల్ని దింపాయి. యుద్ధమని పేరైతే వచ్చింది గానీ, చెప్పుకోదగ్గ గాయం ఒక చిన్న చాకు పోటు. చివరికి టోలిడో ఒహాయోకి వచ్చింది, దానికి బదులు మిషిగన్‌కి ఎగువ ద్వీపకల్పం ఇచ్చారు. తర్వాత అక్కడ రాగి, ఇనుము బయటపడ్డాయి. ఈ ఆఖరి వాక్యం మాత్రం ఆయన నోట రాదు, నేను వేరేచోట చదువుకున్నాను.

1951 నుంచి 1978 దాకా ఒహాయో స్టేట్ కోచ్‌గా ఉన్న వుడీ హేస్ ఆయనకి కులదైవం. మిషిగన్‌లో పెట్రోలు కొంటే ఆ రాష్ట్రానికి పన్ను కట్టినట్టవుతుందని, అవసరమైతే కారు సరిహద్దు దాకా తోసుకెళదామన్నాడని ఒక కథ. 1968లో మిషిగన్ మీద 50–14తో గెలుస్తూ కూడా అదనంగా రెండు పాయింట్లకి ప్రయత్నించాడు. ఎందుకయ్యా అంటే మూడుకి వీలు లేదు కాబట్టి అన్నాడని ఇంకో కథ. మరుసటి ఏడాది హేస్ దగ్గరే పని నేర్చిన బో షెంబెక్లర్ మిషిగన్ కోచ్ అయ్యి, వరసగా ఇరవై రెండు ఆటలు గెలిచి వచ్చిన గురువుని 24–12తో పడగొట్టాడు. ఈ ఘట్టం దగ్గర పెద్దమనిషి గొంతు గద్గదమవుతుంది. ఆ వెంటనే 1950 నాటి మంచు తుఫాను ఆట ఎత్తుకుంటాడు. మిషిగన్ ఆటగాళ్లు ఒక్క ఫస్ట్ డౌన్ కూడా సాధించలేదు, ఒక్క పాసూ చేతికి అందలేదు, అయినా 9–3తో గెలిచి వెళ్లారు. ఆయన అప్పటికి పుట్టలేదు. చలి మాత్రం ఇప్పటికీ తగులుతున్నట్టే భుజాలు ముడుచుకుంటాడు.

రికార్డుల దగ్గర ఆయనకంటూ ప్రత్యేకమైన పుస్తకం ఉంది. 2010లో ఒహాయో స్టేట్ మిషిగన్ మీద 37–7తో గెలిచింది. కానీ కొందరు ఆటగాళ్లు తమ జ్ఞాపికల్ని ఇచ్చి పచ్చబొట్లు పొడిపించుకున్నారని తేలి, ఆ ఏడాది గెలుపులన్నిటినీ రద్దు చేశారు. అధికారిక పట్టికలో ఆ గెలుపు లేదు. ఆయన పట్టికలో ఉంది. జ్ఞాపికల్లో బంగారు ప్యాంటు కూడా ఉండటం ఆయన్ని ఇప్పటికీ బాధిస్తుంది. మిషిగన్‌ని ఓడించిన ప్రతి ఆటగాడికీ 1934 నుంచి ఇస్తున్న బుల్లి బంగారు బొమ్మ అది. ఇక మిషిగన్‌వాళ్లు 2021, 2022, 2023లో వరసగా గెలిచిన మూడూ ఆయన పుస్తకంలో పెన్సిల్‌తో ఉంటాయి. ప్రత్యర్థుల సైగలు పసిగట్టడానికి మనుషుల్ని పంపారన్న వ్యవహారం బయటపడింది కదా, ఆ కారణంగా.

మనవాళ్ల సంగతీ చెప్పాలి. ఎమ్మెస్ చేయడానికి వచ్చి, మొదటి ఏడాది దీన్ని పిచ్చి అన్నవాడు, రెండో ఏడాది లక్షమంది పట్టే స్టేడియంలో నిలబడి "ఓ-హెచ్" అని అరిస్తే ఎదుటి వైపు నుంచి "ఐ-ఓ" అని జవాబు రావడం విన్నాక ఇంక మనకి దక్కడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. ఇలాంటి ఒకాయన కొత్త ఇల్లు కొన్నాడు. పురోహితుడు పంచాంగం చూసి, నవంబరు ఆఖరి శనివారం, స్థిరవారం, పన్నెండింటికి అభిజిత్ లగ్నం దివ్యంగా ఉందన్నాడు. గృహస్థు హడలిపోయి, ఆ ఘడియని మించిన దుర్ముహూర్తం ఈ ఊళ్లో లేదని వాదించి, తెల్లవారుజామున నాలుగున్నరకి పాలు పొంగించాడు. పురోహితుడు తొమ్మిదేళ్లుగా కొలంబస్‌లో ఉన్నవాడే. ఊరికే పరీక్షించాడేమోనని నా అనుమానం.

2024 నవంబరు 30న మిషిగన్ ఏ ర్యాంకూ లేకుండా, ఆరు గెలుపులు, ఐదు ఓటములతో కొలంబస్ వచ్చింది. ఇరవై పాయింట్ల తేడాతో గెలుస్తామని ఇక్కడివాళ్ల లెక్కలు. 13–10తో ఓడారు. ఆట అయ్యాక మిషిగన్‌వాళ్లు మైదానం మధ్యలో జెండా పాతబోతే కొట్లాట. సోమవారం పెద్దమనిషి ఆఫీసుకి వచ్చాడు, కూర్చున్నాడు. దీన్ని మంచి ఓటమి అనడానికి ఆయన శాస్త్రంలో ఎక్కడా సూత్రం దొరకలేదు. కోచ్ రయన్ డేని తీసేయాలన్నాడు. పన్నెండు చోట్ల పద్ధతి పుణ్యమా అని ఒహాయో స్టేట్ ఎనిమిదో జట్టుగా ప్లేఆఫ్‌లో చేరి టెనెసీని 42–17తో, ఏ జట్టు చేతిలో మంచిగా ఓడారో ఆ ఒరెగన్‌ని 41–21తో, టెక్సస్‌ని 28–14తో, 2025 జనవరి 20న నోటర్‌డామ్‌ని 34–23తో ఓడించి దేశానికి ఛాంపియన్ అయింది. కేకు పట్టుకుని వెళ్లాను.

"సంతోషమేగా?" అన్నాను.

"సంతోషమే" అన్నాడు. ఒక ముక్క తిన్నాడు. "సొంత ఊళ్లో పదమూడు-పదా?" అన్నాడు.

మరుసటి సీజన్‌లో, మిషిగన్ సొంత ఊరు ఆన్ ఆర్బర్‌లో, మంచులో, 27–9తో వాళ్లని ఓడించారు. ఆ సోమవారం ఆయన మొహంలో వెలుగు చూడాలి. వారం తిరిగేసరికి, దశాబ్దాలపాటు ఓటమికి మారుపేరుగా బతికిన ఇండియానా వీళ్లని కాన్ఫరెన్స్ ఫైనల్లో ఓడించింది. స్కోరు మళ్లీ అదే 13–10. డిసెంబరు 31న ప్లేఆఫ్‌లో మయామీ 24–14తో ఇంటికి పంపేసింది. ఈసారి ట్రోఫీ లేదు, ఏమీ లేదు. ఫైనల్ కూడా అయ్యాక, ఆయన్ని ఓదార్చాలేమోనని భయపడుతూనే వెళ్లాను. ఆయన నీలం పెన్ను సొరుగులోంచి తీసి కాగితం మీద ఏదో గీస్తున్నాడు.

"కూర్చో" అన్నాడు. "ఫైనల్ ఎవరెవరు ఆడారు?"

"ఇండియానా, మయామీ."

"గెలిచింది?"

"ఇండియానా."

"మేం ఈ ఏడాది మొత్తంలో ఎన్ని ఆటలు ఓడాం?"

"రెండు."

"ఎవరి చేతిలో?"

చెప్పాను. కాగితం నా వైపు తిప్పాడు. "రెండే ఓటములు. రెండూ ఫైనల్ ఆడినవాళ్ల చేతిలోనే. ఒకటి ఛాంపియన్ చేతిలో మూడు పాయింట్లతో" అన్నాడు. "ఇంతకన్నా మంచి ఓటములు ఈ దేశంలో ఎవరికైనా ఉన్నాయేమో నువ్వే వెతుకు. నేను ఎదురుచూస్తాను."